ఆదివారం మధ్యాహ్నాల ఆట

కొండాపూర్,
12-9-1999, ఆదివారం

శ్రీవారికి,

భార్గవి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా, రసజ్ఞా, నేనూ కులాసాగానే ఉన్నాం. సీలేరులో వానలు వదలడం లేదనీ, క్వార్టరు గోడలు చెమ్మ ఎక్కాయనీ రాశారు. ఉన్ని దుప్పటి పార్సిల్ చేశాను. అందగానే రాయండి. పవర్‌హౌస్ నుంచి తడి బట్టలతో నడిచి రాకండి.

రసజ్ఞ దగ్గు తగ్గింది. రెండో తరగతిలో దాని పక్కన కూర్చునే పిల్లతో పచ్చి అయిందట, మాటల్లేవట, మూడు రోజులు ఆ ఊసే. మా ఆఫీసులో కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిచేసే పని ఇంకా తెమల్లేదు. డిసెంబరు దాకా సెలవులు అడగొద్దన్నారు. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే మళ్ళీ గుమ్మంలో చెప్పులు విడిచేసరికి ఎనిమిది దాటుతోంది.

అమ్మ మతిమరుపు ఎలా ఉంది, డాక్టరుకి చూపించావా అని అడిగారు. మాన్పించిన పనిమనిషి కొమురమ్మ బదులు ఎవరైనా దొరికారా అనీ అడిగారు. రెండింటికీ జవాబు ఒకటే. మొన్న ఫోన్‌లో చెబుదామనుకున్నాను. మీరు హలో అనగానే రసజ్ఞ దగ్గు సంగతి చెప్పి పెట్టేశాను.

అత్తయ్య ఎడమ కంటికి వెలుగు తెలుస్తోంది, మనిషి తెలియడం లేదు. దానికి ఆవిడ అలవాటు పడ్డారు. అలవాటు పడలేనిది ఇంకొకటి. మాత్ర వేసుకున్నాక పమిట కొంగుకి ముడి వేసుకుంటున్నారు, వేసుకున్నట్టు గుర్తుకి. అన్నం తిన్న అరగంటకి, "నేను తిన్నానా అమ్మాయ్?" అని అడుగుతున్నారు. తిన్నానని ఆవిడకి తెలుసు. తెలిసినా తన మీద తనకి నమ్మకం లేదు. మన పెళ్ళిలో ఏ బంతిలో ఎవరికి గారెలు అందలేదో ఇప్పటికీ చెప్పగల మనిషి.

ఆవిడకి మతిమరుపు లేదండి. ఉందని నమ్మించింది నేను.

సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని పని చేయడానికి ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కంప్యూటరు మీరు చూశారు కదా. అందులో మా ఆఫీసు గిరీష్ ఒక ఆట ఎక్కించి ఇచ్చాడు. నలభై అంతస్తుల కోట. ఒక్కో అంతస్తులో తలుపులు, తాళాలు, తిప్పలు. అంతస్తు పూర్తయ్యేదాకా మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే మళ్ళీ మొదటి నుంచి. నవ్వకండి. ముప్పై రెండేళ్ళొచ్చాక నాకు నేనుగా కోరుకున్నది అదొక్కటే. వంట మీ అందరికోసం, ఉద్యోగం ఇంటికోసం, హోంవర్కు పిల్లకోసం. ఆదివారం మధ్యాహ్నం రసజ్ఞ నిద్రపోయాక ఆ రెండు గంటలు నావి. ఆఫీసు పని అని చెప్పి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. వారమంతా ఆ తలుపు కోసమే బతికేదాన్ని.

అత్తయ్యకి జులైలో ఆ గురువారం ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండు గంటలకొకసారి చుక్కలు వేయాలన్నారు. శుక్రవారం కొమురమ్మ వేసింది. శని, ఆదివారాలు నేనే ఉన్నాను.

ఆదివారం దాకా ఆగలేక శనివారం మధ్యాహ్నమే ఆటకి కూర్చున్నాను. ఇరవై రెండో అంతస్తులో ఉండగా లోపల్నుంచి పిలిచారు. "అమ్మాయ్, మందు వేళయిందేమో చూడవే."

లేవాలనుకున్నాను. ఇంకో తాళం, అంతే అనుకున్నాను. అరగంట తర్వాత మళ్ళీ పిలిచారు. అప్పుడు నా నోట్లోంచి ఆ అబద్ధం వచ్చింది. "వేశాను కదత్తయ్యా! మర్చిపోయారా?"

"వేశావా? చెంప తడిసినట్టు లేదే."

"మీరు కునుకు తీస్తున్నారు. కన్ను తెరిచి వేశాను."

 "అయ్యుంటుందిలే. వయసైపోయింది," అన్నారు.

మొదటిసారి మాట వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగింటికి తడుముకోకుండా వచ్చింది. ఆదివారం పొద్దుటే ఆట మొదలుపెట్టాను. ఆవిడ పిలిచినప్పుడల్లా విసుక్కున్నాను. "ఎన్నిసార్లు చెప్పాలత్తయ్యా? ఇలా మర్చిపోతుంటే రేపు ఇంటి పేరు కూడా మర్చిపోతారు," అన్నాను. ఆ మాట అనడంలో నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. అది మీకు రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తున్నాను. ఆ రెండు రోజుల్లో వేయనివి ఏడుసార్లు.

సోమవారం కన్ను ఎర్రగా వాచింది. మంగళవారం మీరొచ్చారు. ఆసుపత్రిలో డాక్టరుగారు చుక్కలు వేళకి వేశారా అని అడిగితే, "వేశామండి" అన్నాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, "పాపం, ఆదివారం కూడా ఆఫీసు పని చేసుకుంటూనే లేచొచ్చి వేసిందండీ. నాకే గుర్తుండక పదిసార్లు పిలిచి ప్రాణం తీశాను," అన్నారు.

మందు పడ్డా ఇలా అయిందంటే వేసిన చేతులు శుభ్రంగా లేవేమో అన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత మన గేటు దగ్గర మీరు కొమురమ్మని నిలదీశారు. పక్క ఇళ్ళవాళ్ళంతా బయటికొచ్చారు. "సబ్బుతోని చేతులు కడుక్కునే ఏసిన సారూ. గా ఒక్క శుక్రవారమే నేనేసింది," అంది. నావైపు తిరిగింది. "అమ్మా, జర నువ్వన్న చెప్పు."

నేనన్నది మీకు గుర్తుండే ఉంటుంది. "చేతులు కడుక్కుందో లేదో నేను చూడలేదండి."

చూశాను. మోచేతుల దాకా కడుక్కుంది.

పోయిన ఆదివారం వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. రేకుల గది ముందు బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, పనిలోకి రమ్మన్నాను. చాట ఆపకుండా విన్నది.

"ముసలమ్మ కన్ను పోగొట్టినదాన్నని మీ గల్లీల ఒక్కరు పనికి పిలుస్తలేరు. ఇగ నువ్వొచ్చి నా చెవుల చెప్తే ఏమొస్తదమ్మా? సారుకు చెప్పు. గా రోజు గేటు కాడ అందరి ముంగట అన్నడు గదా, గట్లనే అందరి ముంగట నిలవడి చెప్పుమను. ముసలమ్మకు కూడ చెప్పు. గప్పుడు చూస్త, వస్తనో రానో."

అందుకే ఈ ఉత్తరం. మీరు ఎప్పుడొచ్చినా ముందు ఆ గేటు దగ్గరికి రండి. నేనూ పక్కన నిలబడతాను. నా గురించి తర్వాత మీరు ఏం చేసినా కాదనను.

అత్తయ్యకి ఈ మధ్యాహ్నమే చెప్పాను. భోజనం అయ్యాక కాళ్ళ దగ్గర కూర్చుని, ఆట సంగతి, అబద్ధం సంగతి, కొమురమ్మ సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ నా తల తడిమారు. "పిచ్చిదానా, నా మతిమరుపు నీ నెత్తిన వేసుకుంటావేమే?"

"నిజం అత్తయ్యా. నేను వేయలేదు."

"వేశావు. ఆ రెండు రోజులూ వేశావు. నాకు బాగా గుర్తుంది. చల్లగా తగిలింది కూడా."

"తగల్లేదత్తయ్యా. మీరు పిలిచారు, నేను లేవలేదు. చెంప తడవలేదని మీరే అన్నారు."

"నేనా? ఎప్పుడన్నాను?" ఆవిడ మొహంలో భయం కనిపించింది. కొంగు వెతుక్కుని దానికున్న ముళ్ళు ఒక్కొక్కటే తడుముకున్నారు. "అదుగో, అదీ మర్చిపోయాను చూశావా? వాడికి రాయకు అమ్మాయ్, నా బుర్ర ఇంత పాడైందని. ఇంకెక్కడికైనా పంపేస్తాడేమో." ఒట్టు వేయించుకున్నారు. కళ్ళు తుడుచుకుని, "నువ్వెళ్ళి నీ ఆఫీసు పని చూసుకో. ఇక పిలవను," అన్నారు.

వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసుకున్నాను. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత ఆడాను. ముప్పై ఒకటో అంతస్తు దాటేదాకా ఆడాను.

ఆవిడ ఒక్కసారి కూడా పిలవలేదు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు
భార్గవి