మూడో గేరులో తేలిన లెక్క

మూసాపేట, హైదరాబాదు
12 ఫిబ్రవరి 1999

ప్రియమైన వదినకు,

నువ్వు కాకినాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ, మీ ఆయన్ని నా నెత్తిన పెట్టి హాయిగా ఉన్నావు. ఇప్పుడు ఆ ఫిజిక్సు నాకు కాస్త కావాలి.

హైటెక్ సిటీలో మాతో పనిచేసేవాళ్లు కార్ల పందేలకని ఒక క్లబ్బు పెట్టుకున్నారనీ, అన్నయ్య పాత ఫియట్ కొని దానితోనే కాపురం చేస్తున్నాడనీ నీకు తెలుసు. క్లబ్బుకు ఒకటే నియమం. ఇంజను బలం యాభై గుర్రాలు, అదే హార్స్ పవర్, దాటకూడదు. కొలిచే యంత్రం మాకెక్కడా దొరకలేదు. అందుకని కారును మనుషులతో సహా ఇక్కడి లారీల కాటా మీద తూచి, నిలబడ్డ చోటు నుంచి ఎనభై వేగం అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఆ రెండింటినీ బట్టి బలం లెక్కగట్టాలి. అన్నిటికంటే జోరుగా సాగిన పరుగే లెక్కలోకి వస్తుంది. లెక్క నాది, స్టీరింగ్ అన్నయ్యది.

మొన్న ఆదివారం ఖాజాగూడ దగ్గర కొత్తగా వేసిన ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, అక్కడ కట్టే ఇళ్లకు కాపలా ఉండే బాలనర్సయ్య చాలాసేపు చూశాడు. "ఏందమ్మా, పోయిన తొవ్వనే మళ్ల వస్తున్నరు, ఏమన్న పడిపోయిందా?" అని అడిగాడు. "గుర్రాలు లెక్కపెడుతున్నామండీ" అన్నాను. ఆయన కారు ముందు వంగి చూసి, "ఎన్నున్నయ్?" అన్నాడు.

అదే తేలడం లేదు వదినా. అన్నయ్య నడిపితే నలభై ఏడు వచ్చాయి. అన్నయ్యకు కాలు పట్టేస్తే కాసేపు నేను నడిపాను, అన్నయ్య టైము చూశాడు. యాభై మూడు వచ్చాయి. అదే కారు, అదే రోడ్డు, అదే బరువు. మళ్లీ చేసినా అంతే. ఇంజనుకు ఆడా మగా తేడా తెలుస్తుందా?

నా పరుగు చెబితే కారు పోటీలో ఉండదు. చెప్పకపోతే నేను ఉండను. నీ దగ్గర దాపరికమెందుకు, ఆ కారు నేను నడపాలని ఉంది. అన్నయ్యా నేనూ ఒకేసారి డ్రైవింగు నేర్చుకున్నాం, అప్పటినుంచీ నాది పక్క సీటే. అడిగితే "నువ్వు లెక్క చూడవే" అంటాడని నోరు రావడం లేదు. నా పరుగు సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామనే అనుకుంటున్నాను. కానీ ఆ ఎక్కువ గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

నీ ఆడపడుచు,
నీహారిక


కాకినాడ
17 ఫిబ్రవరి 1999

నీహారికకు వదిన ఆశీస్సులు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకైతే అసలు మొగుడికన్నా నువ్వే నయం, ఉత్తరమైనా రాస్తావు.

గుర్రాలు ఎక్కణ్ణుంచీ రాలేదు. నిలబడ్డ చోటు నుంచి ఎనభై దాకా పోవాలంటే గేర్లు మార్చాలి. మార్చినంతసేపూ ఇంజను బండిని లాగదు. ఆ ఆలస్యానికి మీ లెక్కలో సగటున ఇంత అని కలుపుకుని ఉంటారు. మీ అన్నయ్యకు అంతకంటే ఎక్కువ పడుతోంది, నీకు తక్కువ పడుతోంది. అంటే మీరు ఇంజన్నీ డ్రైవర్నీ కలిపి తూచారు. ఈసారి మూడో గేరులోనే ఉంచి, నలభై నుంచి డెబ్భై దాకా పూర్తిగా తొక్కి చూడండి. ఇద్దరికీ ఒకే బలం వస్తే తేడా ఇంజనుది కాదు.

ఇక రెండో సంగతి. కోరిక నీది, కారు అతనిది, మధ్యలో కాకినాడలో ఉన్న నాకు చెబితే ఏం లాభం? నోరు మూసుకోవడం మంచితనం అనుకోకు. ఈ ఉత్తరం మీ అన్నయ్యకు చూపించు, ఈ వాక్యంతో సహా.

నీ వదిన,
వాసంతి


మూసాపేట
28 ఫిబ్రవరి 1999

వాసంతికి,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయనివాడు ఇవాళ రాస్తున్నాడు, తిట్టకుండా చదువు.

నీ ఉత్తరం నీహారిక నా కంచం పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది. చదివి, "ఎప్పట్నుంచే నీకీ కోరిక?" అని అడిగాను. "నీకు లైసెన్సు వచ్చిన రోజు నుంచి" అంది, బయటికి రాకుండానే.

ఇవాళ పొద్దున క్లబ్బువాళ్లను పిలిచి, యాభై మూడు వచ్చిన సంగతీ చెప్పేసి, వాళ్ల ముందే నువ్వు చెప్పినట్టు మూడో గేరులో లాగాం. నాకు నలభై తొమ్మిది వచ్చాయి. నీహారికకూ నలభై తొమ్మిదే. ఇంకోసారి చూద్దామన్నాను. మళ్లీ అంతే. ఇంజను నియమం లోపలే ఉందని వాళ్లు ఒప్పుకున్నారు. నేను తప్ప అందరూ సంతోషించారు.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఇంకోసారి చూద్దామన్నప్పుడు, ఇంజనుదే దోషమని తేలితే బాగుండునని మనసులో మొక్కుకున్నాను. కారును పోటీలోంచి తీసేసినా ఫరవాలేదు, చెల్లెలు నాకంటే బాగా నడుపుతుందని బయటపడకపోతే చాలనుకున్నాను. అంత చిన్నబుద్ధి నాలో ఉందని నాకే తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు తాళాలు దాని చేతికిచ్చి, పోటీలో నువ్వే నడుపు అన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కొంతదూరం నడిపి, కారు పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

పోటీ వచ్చే ఆదివారం. శనివారమే బయలుదేరి రా. దాన్ని చూడడానికి రా. నాకూ కాస్త ఏడుపుగానే ఉందనుకో, నా సంగతి తర్వాత చూద్దువుగాని.

నీ
జశ్వంత్