ఇత్తడి లెన్సు, ఎనిమిది సెకన్లు

నాన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడు, నోయిడాలో మా బాల్కనీలో నీ పెద్ద కెమెరా నిలబెట్టాను. ఆ నూరేళ్ల నాటి ఇత్తడి లెన్సుకు షట్టర్ లేదు కదా, చేత్తో మూత తీసి పెట్టాల్సిందే. నువ్వు దాచుకున్న ఫిల్ముల్లో ఒక్కటే మిగిలింది. నువ్వు పోయాక ఫోటో అంటేనే లేచి వెళ్లిపోయే అమ్మ, ఇవాళ తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఢిల్లీ పొగమంచుకు వెలుతురు చాలలేదు. ఎనిమిది సెకన్లు కావాలి.

"కదలకమ్మా" అని మూత తీశాను. ఫోన్‌లో సెకన్ల మీదే కళ్లు పెట్టాను. నాలుగో సెకనుకు బెల్లు మోగింది. "దీదీ, పార్సెల్!" అంటూ ఎవరో తలుపు బాదుతున్నాడు. ఊపిరి బిగబట్టాను. అమ్మ కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. ఎనిమిది. మూత పెట్టేశాను.

బాత్రూమ్ చీకట్లో ఫిల్ము కడిగి, దీపం వేసి చూశాను. అమ్మ కళ్లు, ముక్కుపుడక, చీర అంచు అన్నీ స్పష్టంగా వచ్చాయి. పెదవులు మాత్రం చెదిరిపోయాయి.

నాకు ఒళ్లు మండింది. "ఒక్కటే ఉందని చెప్పానుగా! ఎవరితో మాట్లాడావమ్మా?"

"నువ్వేమో నోరు విప్పవాయె. మీ నాన్నగారు ఒకటి గోవింద, రెండు గోవింద అని పైకి లెక్కపెట్టేవారు. అది లేకుండా నేనెలా కూర్చోనే? అందుకని నేనే అనుకున్నాను."

అమ్మ నెగెటివ్‌కేసి చూస్తూ అంది.

"అయినా నువ్వు తొందరపడ్డావే. ఆయన లెక్కకి ఇంకా ఏడే."