గుండిగ బాగుందన్నాడు

మార్చి 4
పసిఫిక్ చరిత్ర పేపర్లో సగం మార్కులు ఒక్క వస్తువుకే. సముద్రం దాటి ఇంటికొచ్చినదేదో క్లాసుకు తెచ్చి, దాని కథ చెప్పాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారి నా దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది: బుబు, అంటే మా నానమ్మ, వండే ఇనుప గుండిగ. ఒకప్పుడు తిమింగలాల వేట ఓడవాళ్ళు అందులో కొవ్వు కాచేవారు.

మార్చి 6
స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద జపాన్‌లోని హొక్కైదో నుంచి కెన్సాకు దిగాడు. మకాం మా ఇంట్లోనే. వంటింట్లోకి రాగానే గుండిగ ఎంత బాగుందో అన్నాడు.
బాగుందన్నాక ఇవ్వకుండా ఉంటే ఫిజీలో, అందులోనూ మా సువాలో తలెత్తుకు తిరగగలమా? బుబు దాన్ని తోమి, తుడిచి, తీసుకో నాయనా, ఇక నీదే అంది. వాడు వద్దంటూ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. బుబు అది ఆనందం అనుకుంది.

మార్చి 7
కెన్సాకుదీ అదే పేపరట. వస్తువు కుదిరిపోయిందట. నా డిగ్రీ వాడి మంచం కింద ఉంది.

మార్చి 9
తిరిగి అడిగితే పరువు తక్కువ. కానీ మెచ్చుకోవచ్చుగా! భోజనాల దగ్గర, నీ గుండిగ భలే ఉందిరా అని చెయ్యి చాపాను. వాడు సిగ్గుపడిపోయి, అబ్బే, ఎందుకూ పనికిరాని తుక్కు అన్నాడు.
తన వస్తువును తనే తీసిపారేయడం వాళ్ళ దగ్గర మర్యాదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. బుబు గరిటె కింద పెట్టింది. మా తాత గుండిగ తుక్కా అని అడిగింది. అడిగింది నన్ను! ఒరే ఇలైసా, ఇంత సముద్రంలో నీకు వీడే దొరికాడా అంది. గుండిగ బుబు గదిలో, గదికి తాళం.

మార్చి 11
క్షమాపణ. తప్పు చేసినవాడు నోరెత్తకూడదు, వాడి తరఫు పెద్దమనిషి మాట్లాడాలి. ఫిజీ మొత్తంలో వాడికున్న పెద్దమనిషిని నేనే. మన్నింపు అడిగేటప్పుడు ఇక్కడ సమర్పించుకునే కావా వేర్ల కట్టతో చాప మీద పాకుతూ వెళ్ళి, రోజూ నా చెవి మెలేసే బుబునే, ఉత్తర సముద్రపు వీరుణ్ణి మన్నించండి అని వేడుకున్నాను. బుబు గంభీరంగా కట్టను అందుకుంది. మన్నించినట్టే. ఆ తర్వాత, దూతగారూ, అంట్లు మీకోసమే చూస్తున్నాయి అంది. గుండిగ మళ్ళీ కెన్సాకుకే ఇచ్చింది.
వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇద్దరం కలిసే చెబుదాం అన్నాడు. ఇక్కడ ఎవరు ఏది మెచ్చుకున్నా వెంటనే ఇచ్చెయ్యాలి, ఇక జన్మలో మరచిపోను అని ఒట్టు కూడా వేశాడు.

మార్చి 12
ఇద్దరం పాస్. గుండిగ చాలా బాగుందన్నారు మేడమ్.
కెన్సాకు మాట తప్పలేదు.
ఇంటికి వెళ్ళకుండా మార్కెట్ దగ్గరే బస్సు దిగాం. ఈసారి పెద్ద కావా కట్ట కొనాలి.