నానమ్మ లాండ్రీ వెనక గది

రీనో,
జూన్ 9

వెర్నా అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు. పాత కాసినోల్లో డబ్బుకు బదులు వాడిన జూదపు బిళ్ళలు పోగేసే పిచ్చి నీకెందుకురా అని తిడతావు కదా, ఆ పిచ్చే మన ఇంటి గుట్టు బయటపెట్టింది.

మొన్న బిళ్ళల సంతలో ఎర్ర మట్టి బిళ్ళ ఒకటి కొన్నాను. దాని మీద గుర్రపు నాడా బొమ్మ, ‘ఐ.పి.’ అనే అక్షరాలు ఉన్నాయి. ఏ క్లబ్బుదో ఎవరూ చెప్పలేకపోయారు. తయారుచేసిన కంపెనీ పాత ఆర్డరు కార్డులు వెతికిస్తే, 1948లో టోనోపా అనే ఊరికి పంపినట్టు తేలింది. తెప్పించుకున్నది ఐడా ప్రూయిట్. మన నానమ్మే! ఇంట్లో పేకముక్క కనిపిస్తే పొయ్యిలో పడేసిన మనిషి!

వెంటనే టోనోపా వెళ్లాను. ఆవిడ దగ్గర పేకముక్కలు పంచిన ఎల్మో అక్కడే ఉన్నాడు. తొంభై దాటాయి.

“ముందు లాండ్రీ, వెనక గదిలో మూడు పేకాట బల్లలు. ఒకసారి నేను దొంగతనంగా కట్ట అడుగు ముక్క లాగి పంచానయ్యా. మీ నానమ్మ అందరి ముందూ చెవి మెలిపెట్టి, ‘నా బల్ల మీద దొంగాటా?’ అని బయటికి గెంటేసింది. నేను మళ్లీ ఎవర్నీ మోసం చెయ్యలేదు” అని పడీపడీ నవ్వాడు.

ఈ ఆదివారం మన చర్చి హాలుకు ఆవిడ పేరు పెడుతున్నారని నోరు జారాను.

“అయితే నేనూ వస్తా. నాకు నీతి నేర్పిందెవరో నలుగురికీ చెప్పొద్దూ?” అన్నాడు. వద్దనడానికి నాకు మనసు రాలేదు.

ఆయన్ని కారులో నేను తీసుకొస్తాను. పాస్టరుగారికి మాత్రం నువ్వే చెప్పు. నాకంత ధైర్యం లేదు, నానమ్మ పోలిక నీకే వచ్చింది.

నీ తమ్ముడు