గంగి చెప్పిన చోటు

ఫిబ్రవరి 2
బ్రూక్‌ఫీల్డ్‌లో బిల్డింగు కట్టే సైటు, కూలీల పిల్లల బడి. రేకుల షెడ్డు, పదకొండు దాటితే పెనమే. ఈ వారం పాఠం — కథ జరిగే చోటు వర్ణించడం. ఒక్కరైనా చోటు చెప్తేనా! "ఒక ఊర్లో" అనేసి సరాసరి పులి మీదికి దూకుతారు. ఏం కనబడతాది, ఏం వినబడతాది చెప్పండ్రా అని గొంతు చించుకున్నా. "ఊరు ఊరిలానే ఉండాది మిస్." నా మొహం! క్లాసంతా గలాటా.

ఫిబ్రవరి 3
నీ కథ ఎక్కడ జరిగిందే అన్నాను గంగిని. కదిరి పక్క మేస్త్రీ కూతురు, ఏడేళ్లది. "సెంట్రింగు విప్పకముందు" అంది. ఎప్పుడని కాదు తల్లీ, ఎక్కడ? "అదే మిస్. విప్పకముందు." పిల్లలంతా తలలూపారు. సెంట్రింగంటే స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే కట్టెలని తెలుసు, అది చోటెట్లయిందో నాకొక్కదానికే అర్థం కాలేదు.

ఫిబ్రవరి 4
కళ్లు మూసుకుని చెప్పమన్నాను.
"స్లాబు కింద అంతా కట్టెలే మిస్. వంగి పోవల్ల. పైనుంచి నీళ్లు కారతాంటాయి. చల్లగుండాది. అమ్మ పిలిస్తే ఏ పక్కనుంచో తెలీదు. కట్టెలు తీసినాక హాలు అయిపోయింది. ఆ చోటు ఇంక లేదు."
వీళ్లకు చోటంటే పని ఎంతదాకా వచ్చిందో అదే! ఒక్క గదిలోనే ఎన్ని చోట్లు చూశారో... అబ్బా. ఇంటికొచ్చినా అదే ధ్యాస. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఫిబ్రవరి 6
పెయింటు మొదలైంది, ఇక్కడ పని అయిపోవచ్చింది. నెలాఖరుకు కూలీలంతా పిల్లలతో అత్తిబెలె సైటుకు. అక్కడ బడి లేదు.

ఫిబ్రవరి 9
గంగి వాళ్ల షెడ్డుకు వెళ్లాను. ఆడపిల్లల హాస్టల్లో సీటు ఉంది, బడీ అందులోనే, పంపండి అన్నాను.
"ఒక్కతే పండుకోదు మేడం" — నాన్న.
అమ్మ సట్టి తోముతూనే — "చూసి రానీప్పా. పాపనే చెప్పనీ."
శనివారం లోపల చెప్పాలి. లేకపోతే సీటు వేరేవాళ్లకు.

ఫిబ్రవరి 11
గంగికి హాస్టలు చూపించి తీసుకొచ్చాను. తిరిగి బస్సులో వస్తున్నాం. ఉంటావా అని అడగడానికి భయమేసింది నాకు. పాఠంలాగే అడిగాను — ఆ చోటు ఎట్లుండాదో చెప్పు.
"పెద్ద గది మిస్. మంచాలు వరసగా ఉండాయి. కిటికీ మూస్తే బస్సుల చప్పుడు రాదు. సబ్బు వాసన. గోడకు ఎవురో పూలు గీసినారు, ఒక పువ్వు సగమే ఉండాది."
ఎంత చూసిందమ్మా ఇది! ఆ గోడ వైపు నేను తిరగనైనా లేదు.
మరి ఆ చోట జరిగే నీ కథలో ఎవరుండారే?
బస్సు కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూసింది.
"కథలోకి ఇంకా ఎవురూ రాలేదు మిస్. నేను గూడా."