సంగటికి ప్రార్థన

1986 జూలై 7, సోమవారం

ఒంగోలు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈయన కాలికి తుమ్మముల్లు దిగిన పుండు ఇన్నాళ్ళూ ఎందుకు మానలేదో ఇవాళ తెలిసింది. షుగర్. డాక్టరు గారు మొహమాటం లేకుండానే చెప్పారు. "మాస్టారూ, తెల్లన్నం బాగా తగ్గించాలి. లేదంటే ఈ పుండు మానదు. ఆ తర్వాత కాలి సంగతి నేను చెప్పలేను." చపాతీలు, పళ్ళు, పాలు... చెబుతూనే ఉన్నారు. మా జీతంలో ఇవన్నీ ఎక్కడ ఇరికించాలా అని బస్సులో నేను, కిటికీలోంచి బయటికి చూస్తూ ఈయన. కనిగిరిలో దిగగానే "ఆకలేస్తోంది, ఇంత అన్నం పెట్టు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జూలై 8

చపాతీ. నమిలి నమిలి, "చెప్పుల కొట్లో కొన్నావా" అన్నారు.

జూలై 10

గోధుమపిండి డబ్బా అప్పుడే అడుగు కనిపిస్తోంది. నెల మొదట్లోనే ఇలా అయితే ఎలా? సంతలో జొన్నలు రాశి పోశారు, చవక. జొన్నలు కూడా మంచివేనని డాక్టరు గారు చివర్లో అన్నారు కదా. సంచీ నింపుకొచ్చాను. అత్తయ్య చూసి గడపలోనే ఆగిపోయింది. "వాడు చూశాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడే."

అప్పుడు చెప్పింది. మొదటి జీతం నాడు ఈయన బియ్యం మూట తెచ్చి అమ్మ ముందు దించి, "ఇక ఈ ఇంట్లో జొన్నగింజ కనపడకూడదు" అన్నారట. హైస్కూల్లో 'సంగటోడా' అని పిలిచేవారట. ఈయన జొన్నసంగటి డబ్బా మూత తీస్తే పక్కపిల్లలు లేచి దూరంగా జరిగేవారట. పెళ్ళయి ఇన్నేళ్ళు... నాతో ఒక్కసారి అనలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

జూలై 11

జొన్నలు మరకి తీసుకెళ్ళాను. కొంత నూక, కొంత మెత్తటి పిండి. మరతను "గేదెకాండీ?" అన్నాడు. "ఊ" అన్నాను. మాకు గేదె ఎక్కడుంది! ఇంటిదాకా సిగ్గుపడుతూనే వచ్చాను.

జూలై 12

తాడేపల్లిలో పుట్టినదాన్ని, వరన్నం తప్ప ఎరగను. సంగటి నాకెక్కడొస్తుంది? పిండంతా ఒక్కసారే ఎసట్లో కుమ్మరించాను. ఉండలు, ఉండలు. అత్తయ్య కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అటు జరుగు. ముందు నూక ఉడకాలి, తర్వాత పిండి. తెడ్డు ఆపకూడదు." చెవులు సరిగ్గా వినపడని మనిషి, పొయ్యి ముందు కూర్చుంటే మాత్రం రాణీగారే. తడి చేత్తో ముద్దలు తిప్పింది. మునగాకు పప్పు, రోటి పచ్చడి. నేను రెండు ముద్దలు తిన్నాను. ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదేం?

ఈయన పళ్ళెం చూసి లేచి వెళ్ళిపోయారు.

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక ఈయన అన్నమే తిన్నారు. మారు వడ్డించుకున్నారు కూడా, నా మొహం చూస్తూ మరీ.

జూలై 14

కట్టు మారుస్తుంటే ఇక ఆగలేకపోయాను. "ఎప్పుడో ఎక్కిరించినవాళ్ళ మీద కోపంతో మీ కాలు పోగొట్టుకుంటారా? నాకా కాలు కావాలండీ." ఏడుపొచ్చేసింది. ఈయన రాత్రి భోజనానికి కూర్చుని, "వీధి తలుపు వెయ్యి" అన్నారు. వేశాను. సంగటి తిన్నారు.

కానీ ప్రార్థన చెయ్యలేదు. కాఫీ గ్లాసు ముందు కూడా కళ్ళు మూసుకునే మనిషి. ఏమండీ అంటే, "కూటికి ప్రార్థనేంటే" అన్నారు. వరిదైతే అన్నం, ఇదైతే కూడు. అత్తయ్యకి వినపడలేదనుకుంటా. వినపడిందేమో...

జూలై 17

స్నానాల నీళ్ళు పారే చోట తోటకూర, గోంగూర గింజలు చల్లాను. కూరల ఖర్చు కొంతైనా తగ్గుతుంది.

జూలై 22

డాక్టరు గారు ఉప్పు కూడా తగ్గించమన్నారని ఆవకాయ జాడీ అటకెక్కించాను. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు. గుంటూరు జిల్లాదాన్ని, నాకే ప్రాణం లాగుతోంది. అన్నాల దగ్గర ఇద్దరం ఒకేసారి అటక కేసి చూసి నవ్వేశాం.

జూలై 26

పుండు చుట్టూ ఎరుపు తగ్గింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. నిజమే. "నీ సంగటి గొప్పేం కాదులే, డాక్టరు గారి మందు" అన్నారు. అలాగే అన్నాను. సాయంత్రం ఆయనే వంటింట్లోకి తొంగిచూసి, "సంగట్లోకి గోంగూర పులుసుకూర చెయ్యకూడదూ" అన్నారు. నాకు లోపల్లోపల పండగ.

తలుపు మాత్రం వేసే ఉంది. ప్రార్థన లేదు. అత్తయ్య ఒక్కతే తన ముద్ద ముందు పెదాలు కదుపుతుంది.

ఆగస్టు 3, ఆదివారం

మా పాస్టరు అయ్యగారు ఇవాళ భోజనానికి వచ్చారు. ఈయన పొద్దున్నే చెప్పారు, "ఆయన ముందు అదేం వద్దు. నాక్కూడా అన్నమే పెట్టు." ఒక్కపూటే కదా, సరేనన్నాను. అత్తయ్యకి చెప్పడం మర్చిపోయాను.

అయ్యగారికి అన్నం, కోడికూర వడ్డించాను. ఇంతలో అత్తయ్య వచ్చి, రోజులాగే, కొడుకు పళ్ళెంలో సంగటి ముద్ద పెట్టింది. తీసేద్దామని చెయ్యి చాచాను. అయ్యగారు చూస్తున్నారు, చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అయ్యగారికి ప్రసంగంతో గొంతు బొంగురుపోయింది. "ప్రార్థన మీరు చెయ్యండి మాస్టారూ" అన్నారు.

ఈయన తల వంచారు. తప్పేగానీ కళ్ళు తెరిచి చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ప్రభువా..." ఆగారు. "మా అమ్మ వండిన ఈ కూటిని దీవించు. దీంతోనే నన్ను పెంచావు."

అందరికంటే ముందు ఆమెన్ నేనే అన్నాను. అయ్యగారు ఏమీ అడగలేదు. కోడికూర బాగుందన్నారు, మారు వేయించుకున్నారు.

అంట్లు తోముతుంటే అత్తయ్య పక్కన చేరింది. "వాడేం ప్రార్థన చేశాడే?" చెవిలో గట్టిగా చెప్పాను. "కూడు అన్నాడా?" "అన్నారు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చేట తెచ్చుకుని జొన్నలు చెరగడం మొదలెట్టింది.

ఆగస్టు 4, సోమవారం

ఇన్నాళ్ళూ బడికి మాత్రం కాస్త పెరుగన్నమే తీసుకెళ్ళారు. సంగటి ఇంట్లో, తలుపేసుకుని. ఇవాళ క్యారియర్ పట్టుకుని అడిగాను, ఏం పెట్టనండీ అని. "నీ ఇష్టం." జొన్నరొట్టె పెట్టాను, తోటకూర వేపుడు. చూస్తూనే ఉన్నారు. వద్దనలేదు. బళ్ళో మాస్టార్లంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు.

మధ్యాహ్నం మరకి వెళ్ళాను. "గేదెకేగా అండీ?" "కాదు, మా మాస్టారికి." అతను నోరు తెరుచుకుని చూశాడు. చూడనీ.

బడి వదిలే వేళయింది. వీధి తలుపు బార్లా తీసి పెట్టాను. క్యారియర్ ఖాళీగా వస్తుందో, పెట్టింది పెట్టినట్టే వస్తుందో... సైకిలు బెల్లు వినిపిస్తోంది, ఆయనేనా?