అద్దాల ఎండ

డిసెంబర్ 6
ఉత్తరం బాల్కనీలోకి ఎండొచ్చింది. ఈ హిందీ ఊరి శంకర్ నగర్‌లో ఈ ఫ్లాట్ కొన్నాక ఇదే మొదటిసారి. ఎదురుగా కొత్తగా కట్టిన ఆఫీసుకి లోపలికి వంగిన అద్దాల గోడ ఉంది. అది సూర్యుణ్ణి పట్టి నా మీదికి తిప్పుతోంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను.

డిసెంబర్ 9
బూడిద గుమ్మడికాయ తెచ్చాను. సొసైటీవాళ్ళు డాబా మీదికెళ్ళే తలుపుకి తాళం వేశాక వడియాలు మానేశాను. పెట్టినా తినేదెవరు? ఆయన పోయాక ఈ ఇంట్లో తెలుగు వినబడేది మా తెలుగు చర్చి నుంచి ఫోనొస్తేనే.

డిసెంబర్ 11
పై ఫ్లోర్ ఊర్మిళ నా బాల్కనీలో ఎండుతున్న వడియాల్ని తొంగిచూసి, ఇవి మా రఖియా బడీలే కదా అంది. వాళ్ళదీ ఇదే గుమ్మడికాయ, ఇదే మినప్పప్పు. తన బాల్కనీ దాకా ఈ ఎండ రాదట, తనవీ పక్కనే పెట్టుకుంటానని పళ్ళెం పట్టుకుని దిగొచ్చింది. ఇద్దరం కాకుల్ని తోలుతూ కూర్చున్నాం. నా వాటిలో పచ్చిమిర్చి ఎక్కువైందని మొహం మీదే చెప్పింది. నేనూ ఊరుకోలేదు. ఎన్నాళ్ళైందో ఒకరితో వాదించి.

డిసెంబర్ 17
రోజూ వస్తోంది.

డిసెంబర్ 21
పార్కింగ్‌లో ఎవరిదో స్కూటీ సీటు ఆ ఎండకి కరిగిందట. అద్దాలకి మెరుపు లేని ఫిల్మ్ వేయించాలని సెక్రటరీ ఈశ్వర్ సంతకాలకి వచ్చాడు. బండికి కవర్ కప్పుకోమని చెప్పి తలుపేశాను. సిగ్గేసింది. అయినా తీయలేదు.

డిసెంబర్ 23
ఊర్మిళ మనవరాలు అమూల్య పార్కింగులో ఆ ఎండ పడేచోట ఆపిన స్కూటీ ఎక్కి కూర్చుంది. తొడ మీద బొబ్బలు. ఊర్మిళ పిల్లనెత్తుకుని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చింది.
"దీదీ, ఆప్ నర్స్ హైఁ నా, దేఖియే."
నీళ్ళు పోశాను, మందు రాశాను, కట్టు కట్టాను. ఆస్పత్రిలో ఎన్ని కాలిన ఒళ్ళు చూశానో. ఇవాళ ఒక్క కట్టుని రెండుసార్లు విప్పి కట్టాను. పిల్ల నిద్రపోయాక ఈశ్వర్ ఇంటికెళ్ళి సంతకం పెట్టాను. నా ఎండ నాకెంత ఇష్టమో అతనికి చెప్పలేదు.

జనవరి 8
ఫిల్మ్ అంటించేశారు. బాల్కనీ మళ్ళీ చలిగా ఉంది. ఊర్మిళ రాలేదు. రావడానికి పనేముంది?

జనవరి 12
మెట్ల మీద కనబడింది. పిల్లకి తగ్గిందంది, పొయ్యి మీద పప్పుందని వెళ్ళిపోయింది. ఊరికే రండి అని పిలవడం నాకు చేతకాదు. తెలుగులోనూ చేతకాదు, హిందీలోనూ చేతకాదు.

జనవరి 19
నీడలోనే వడియాలు పెట్టాను. పైకెళ్ళి ఊర్మిళని కాపలాకి రమ్మన్నాను. ఎండే లేదు, అవి ఎండవు, దేనికి కాపలా అని అడిగింది.
"నాకు," అన్నాను.